కాలిఫోర్నియాలో సీ-7 లైసెన్సు: అపోహలు, అసలు సంగతులు

“అన్నా, ముందు తెలిసినవాళ్ల ఇళ్లలో నాలుగైదు పనులు చేస్తా. గిట్టుబాటైతే అప్పుడు లైసెన్సుకు అప్లై చేస్తా.” లో-వోల్టేజ్ పనిలోకి, అంటే కెమెరాలు, నెట్‌వర్క్ కేబుళ్లు, స్పీకర్లు బిగించే పనిలోకి దిగుదామని నాకు ఫోన్ చేసే మనవాళ్లలో ఈ మాట అనని మనిషి అరుదు. ఆ పనికి కాలిఫోర్నియాలో ఉండాల్సిన కాంట్రాక్టరు లైసెన్సే సీ-7. ఫ్రీమాంట్, డబ్లిన్, మౌంటెన్ హౌస్, ట్రేసీ, ఎటు చూసినా మన ఇళ్లే. కొత్త ఇల్లు కొన్న ప్రతివాళ్లకూ కెమెరాలు కావాలి, గదిగదికీ నెట్‌వర్క్ కావాలి, హాల్లో స్పీకర్లు కావాలి. చేతిలో విద్య ఉంది, అడిగేవాళ్లున్నారు, కాగితం సంగతి తర్వాత చూసుకుందాం అనిపించడం సహజమే. అందులోనూ లేఆఫ్ అయి ఇంటి లోన్ నెత్తిమీద ఉన్నవాడితో “నెలల తరబడి ఆగు” అనడానికి నాకూ నోరు రాదు. కానీ నేను చూసినంతలో ఈ లైనులో బాగా డబ్బు పోగొట్టుకున్నవాళ్లంతా పోగొట్టుకున్నది ఈ మాట దగ్గరే. అందుకే దీన్ని ముందు తేల్చి, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: లైసెన్సు లేకుండా దొరికితే ఫైన్ కట్టి బయటపడొచ్చు

ఫైన్ ఉంది, నిజమే. మొదటిసారి దొరికితే మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం కింద క్రిమినల్ కేసు. 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాంట్రాక్టర్లకు లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు సీఎస్‌ఎల్‌బీ వాళ్లు విడిగా వేసే సైటేషన్ జరిమానా 15,000 డాలర్ల దాకా పోవచ్చు. మనవాళ్లు లెక్క ఇక్కడితో ఆపేసి, “ఇంత పెద్ద రాష్ట్రంలో నన్నెవడు పట్టుకుంటాడులే” అని ధైర్యం తెచ్చుకుంటారు. అసలు దెబ్బ ఇన్‌స్పెక్టర్ నుంచి రాదు, కస్టమర్ నుంచి వస్తుంది.

కాలిఫోర్నియా చట్టం బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లో 7031 సెక్షన్ చదవండి. పని మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఒక్క రోజైనా లైసెన్సు లేనివాడు తనకు రావాల్సిన డబ్బుకోసం కోర్టుకు వెళ్లలేడు. చిన్న బాకీల కోర్టు స్మాల్ క్లెయిమ్స్‌లోనూ కుదరదు, బాకీ కింద ఇంటిమీద లీన్ (హక్కు) వేయడమూ కుదరదు. పని ఎంత బాగా చేశాడు, ఎస్టిమేట్ మీద కస్టమర్ సంతకం ఉందా లేదా అన్నది ఎవరూ అడగరు. అదే సెక్షన్‌లో ఇంకో ముక్క ఇంతకన్నా ఘోరం: కస్టమర్ అప్పటికే ఇచ్చిన డబ్బంతా వెనక్కి అడగొచ్చు. కూలి ఒక్కటే కాదు, సామాను ఖర్చుతో సహా. కెమెరాలు వాళ్ల గోడకే ఉంటాయి, రికార్డర్ వాళ్ల అల్మరాలోనే ఉంటుంది, డబ్బు మాత్రం మీరు తిరిగి కట్టాలి. పని అయిపోయిన ఏడాదిలోపు కేసు వేస్తే చాలు.

“నాకు లైసెన్సు లేదని ఆయనకు ముందే చెప్పాను కదా” అంటారు. చెప్పినా లాభం లేదు. 2010లో అలట్రిస్టె కేసులో ఆ ఇంటాయన లైసెన్సు లేదని తెలిసే తోటపని చేయించుకున్నాడు. కాంట్రాక్టరుకు పని నడుస్తుండగానే లైసెన్సు కూడా వచ్చింది. అయినా తీసుకున్న డబ్బంతా తిరిగిమ్మంది కోర్టు. 1991లో హైడ్రోటెక్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది: డబ్బు ఇచ్చే ఉద్దేశం లేకుండా మోసం చేసి పని చేయించుకున్నారని వాదించినా, లైసెన్సు లేనివాడి గోడు వినబోమంది. 2005లో ఎండబ్ల్యూ ఎరెక్టర్స్ కేసులో అదే సుప్రీంకోర్టు, పని మొదలుపెట్టిన రోజున లైసెన్సు లేకపోతే మధ్యలో తెచ్చుకున్నా ఆ కాంట్రాక్టు డబ్బు రాదని తేల్చింది. చట్టంలో చిన్న మినహాయింపు ఒకటుంది కానీ, అది గతంలో లైసెన్సు ఉండి ఏదో కారణాన లాప్స్ అయినవాళ్లకే. అసలెప్పుడూ లైసెన్సు తీసుకోనివాడికి ఆ తలుపు మూసే ఉంటుంది.

నాకు తెలిసిన ఒక తమ్ముడి సంగతి చెబుతాను. చిప్ కంపెనీలో ఉద్యోగం పోయింది, మన రెస్టారెంట్ ఒకటి కొత్తగా కడుతుంటే కెమెరాలు, బిల్లింగ్ కౌంటర్ల కేబులింగ్, సీలింగ్ స్పీకర్లు ఒప్పుకున్నాడు. ఓనరు వాళ్ల ఊరివాడే, వరసకు బాబాయి. సగం డబ్బిచ్చి, మిగతాది ఓపెనింగ్ అయ్యాక అన్నాడు. ఓపెనింగ్ అయింది, బిర్యానీ పెట్టారు, డబ్బు రాలేదు. “అన్నా, పని బాలేదంటున్నారు, ఒకసారి చూసి చెప్పు” అంటే వెళ్లి ర్యాక్ తలుపు తీశాను. ప్రతి కేబులుకూ రెండు చివర్లా లేబుల్ ఉంది. కట్టలన్నీ వెల్క్రోతో కట్టాడు, ఒక్క జిప్ టై లేదు. ప్యాచ్ ప్యానెల్ వెనక చూస్తే జతల మెలిక అర అంగుళం మించి విప్పలేదు. ఏ డ్రాప్‌కు (ర్యాక్ నుంచి లాగిన కేబులుకు) ఆ డ్రాప్ టెస్ట్ రిపోర్టు ప్రింటు తీసి కవర్లో పెట్టి ర్యాక్ తలుపుకే అంటించాడు. ఈ ఫీల్డులో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా ఇంత శుభ్రంగా చేయరు. బాకీ కోసం స్మాల్ క్లెయిమ్స్‌కు వెళతానన్నాడు కుర్రాడు. వారం తిరక్కుండా బాబాయి గారి లాయరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. 7031 ప్రకారం తీసుకున్న సగం కూడా తిరిగివ్వమని. చివరికి బాకీ వదులుకుని, పైన కొంత ఎదురిచ్చి రాజీపడ్డాడు. బాబాయి వరసకే బాబాయి, బిల్లు దగ్గర కాదు.

అందరు కస్టమర్లూ ఇలాంటివాళ్లని నేననను. నూటికి తొంభైమంది చెప్పిన రోజున చెప్పినంత ఇస్తారు. మిగిలినవాళ్ల చేతికి ఈ ఆయుధం మనమే ఇవ్వడం ఎందుకని.

ఇక “చిన్న పనులకు లైసెన్సు అక్కర్లేదట” అన్న మాట. 2025 జనవరి 1 నుంచి ఆ పరిమితి 1,000 డాలర్లు, అంతకుముందు 500. కూలీ, సామానూ కలిపి మొత్తం పని 1,000 డాలర్లలోపు ఉండాలి, ఆ పనికి పర్మిట్ అవసరం ఉండకూడదు, మీ కింద పనివాళ్లు ఉండకూడదు. మూడూ కలిస్తేనే మినహాయింపు. నాలుగు కెమెరాలు, రికార్డర్, హార్డ్‌డిస్క్ కొంటేనే దాదాపు అంతవుతుంది. మూడువేల పనిని మూడు ఇన్‌వాయిస్‌లుగా ముక్కలు చేస్తే చెల్లదు, అవన్నీ ఒకే పని కిందికి వస్తాయి. ప్రకటన ఇస్తే అందులో లైసెన్సు లేదని రాయాలి కూడా.

“లైసెన్సున్న కంపెనీ కింద 1099 మీద చేస్తున్నా, నాకేం కాదు” అనేది దీని తోబుట్టువే. జీతం తీసుకునే ఉద్యోగికి, అంటే డబ్ల్యూ-2 మీద ఉన్నవాడికి, లైసెన్సు అక్కర్లేదు. 1099 అంటే మీరు సబ్‌కాంట్రాక్టరు. సబ్‌కాంట్రాక్టరుకు సొంత లైసెన్సు ఉండాలి. రేపు నిచ్చెన మీంచి పడితే ఎవరి ఇన్సూరెన్సు అన్న పేచీ కూడా ఇక్కడే మొదలవుతుంది. అందుకే నన్ను అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతా: లైసెన్సున్న కంపెనీలో డబ్ల్యూ-2 మీద చేరండి. డబ్బు తక్కువే, కానీ ఆ ప్రతి నెలా అనుభవం కిందికి వస్తుంది.

అపోహ: పదేళ్ల ఐటీ అనుభవం ఉంది, నాలుగేళ్లు చూపించడం ఎంతపని

సీ-7కు అప్లై చేయాలంటే గత పదేళ్లలో కనీసం నాలుగేళ్లు జర్నీమన్ (సొంతంగా పని చేయగల పనివాడు), ఫోర్‌మన్, సూపర్‌వైజర్ స్థాయిలో ఆ పనే చేసి ఉండాలి. నెట్‌వర్క్ ఇంజనీరుగా కుర్చీలో కూర్చుని రౌటర్లు కాన్ఫిగర్ చేసిన కాలం ఇందులోకి రాదు. హెల్పరుగా బాక్సులు మోసిన కాలమూ రాదు. ఇంజనీరింగ్ డిగ్రీకి కొంత క్రెడిట్ ఇస్తారు, కానీ చదువుకు ఎంత ఇచ్చినా మూడేళ్లు దాటదు. కనీసం ఒక ఏడాది చేత్తో చేసిన పని చూపించాల్సిందే. మన యూనివర్సిటీల డిగ్రీ అయితే ఇవాల్యుయేషన్ చేయించి పంపాలి. ఊళ్లో ఇళ్లకు 230 వోల్టుల వైరింగ్ చేసి వచ్చినవాళ్లు కొందరు అడుగుతుంటారు. ఆ అనుభవం సీ-10, అంటే ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సు వైపుది, దీనికి పనికిరాదు.

ఈ అనుభవాన్ని దగ్గరుండి చూసినవాళ్లు సర్టిఫై చేయాలి. యజమాని కావచ్చు, ఫోర్‌మన్ కావచ్చు, తోటి పనివాడు కావచ్చు. ఆ ఫారం మీద పెట్టేది అబద్ధమైతే పెర్జురీ (ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన నేరం) అవుతుందని ఒప్పుకుని పెట్టే సంతకం. “అన్నా, నాలుగేళ్లు నీ దగ్గర చేశానని రాసివ్వు” అని మొహమాటపెడతారు. రాయను. కోపం వచ్చినా సరే. వచ్చిన అప్లికేషన్లలో కనీసం 3 శాతం వాటి అనుభవాన్ని సీఎస్‌ఎల్‌బీ లోతుగా విచారించాలని చట్టంలోనే ఉంది. అప్పుడు డబ్ల్యూ-2లు, కాంట్రాక్టులు, పర్మిట్లు తెమ్మంటారు.

నిజంగా పని చేసినవాళ్లు కూడా ఫారంలో రాయడం దగ్గర తడబడతారు. ఒకబ్బాయి “నెట్‌వర్కింగ్ అండ్ సెక్యూరిటీ వర్క్స్” అని ఒక్క లైను రాసుకొచ్చాడు. చదివేవాడికి అదేం పనో ఎలా తెలుస్తుంది? కూర్చోబెట్టి అడిగితే ఆఫీసుల్లో క్యాట్-6 లాగడం, జాక్‌లు పంచ్ చేయడం, ప్యాచ్ ప్యానెల్ కట్టడం, కెమెరాలు బిగించి ఫోకస్ చేయడం, టెస్టర్‌తో సర్టిఫై చేయడం, ఇద్దరు కుర్రాళ్లకు పని అప్పజెప్పి చూసుకోవడం, అన్నీ చేశాడు. అవన్నీ రాయించా. మీరు చేసిన పని పేరు పెట్టి రాయండి, అంతే.

అపోహ: సీ-7 ఉంటే కరెంటు పనులన్నీ చేయొచ్చు

చేయకూడదు. సీ-7 పరిధి 91 వోల్టులు దాటని, ఎనర్జీ-లిమిటెడ్ సిస్టమ్‌లు. ఫోన్, సౌండ్, కేబుల్ టీవీ, సీసీటీవీ, శాటిలైట్ డిష్, టెంపరేచర్ కంట్రోల్స్, తోటలో లో-వోల్టేజ్ దీపాలు, ఇలాంటివి. పీఓఈ (నెట్‌వర్క్ కేబులుతోనే కరెంటు అందే) కెమెరా కేబులులో నడిచేది 50 వోల్టుల అటూఇటూ, దానికి ఇబ్బంది లేదు. టీవీ వెనక ప్లగ్ పాయింట్ కాస్త పైకి జరపమంటారు చూడండి, అది 120 వోల్టులు, సీ-10 వాళ్ల పని. కారు చార్జరూ అంతే. ఫైర్ అలారం లో-వోల్టేజే అయినా సీ-7లో లేదని రూల్లోనే విడిగా రాశారు. దొంగల అలారాలు అమ్మి, పెట్టి, మానిటర్ చేసే వ్యాపారానికి బీఎస్‌ఐఎస్ అనే ఇంకో రాష్ట్ర శాఖ ఇచ్చే లైసెన్సు వేరే ఉంది.

మిగతావి త్వరగా.

లైసెన్సుకు బాండ్ (కస్టమర్లకు హామీగా బాండ్ కంపెనీ ఇచ్చే పూచీ) కావాలి. బాండ్ అంటే 25,000 డాలర్లు డిపాజిట్ కట్టాలని భయపడి ఆగిపోయినవాళ్లున్నారు. అక్కర్లేదు. 2023 నుంచి బాండ్ విలువ 25,000. మీరు కట్టేది ఏటా దాని ప్రీమియం మాత్రమే. క్రెడిట్ బాగుంటే అది వందల్లోనే ఉంటుంది. అయితే అది మీకు ఇన్సూరెన్సు కాదు. కస్టమరుకు బాండ్ కంపెనీ కట్టిందంటే ఆ డబ్బు మీ దగ్గర్నుంచి వసూలు చేసుకుంటుంది. అప్లికేషన్ ఫీజు 450, ఒక్కరే ఓనరైతే లైసెన్సు ఫీజు 200.

పరీక్షలు రెండు, లా అండ్ బిజినెస్ ఒకటి, ట్రేడ్ ఒకటి. పుస్తకం చూసి రాసేది కాదు, పాస్ కావడానికి 18 నెలల గడువుంది. అంత టెన్షన్ పడకండి. స్టడీ గైడ్ సీఎస్‌ఎల్‌బీ వాళ్లే ఉచితంగా ఇస్తారు. వాట్సాప్‌లో తిరిగే “అసలు పేపర్” కొనేవాళ్ల మీద మాత్రం నాకు జాలి లేదు.

డాలస్‌లో ఉన్న బావమరిది లైసెన్సు అక్కర్లేదన్నాడట. టెక్సస్ రూలు టెక్సస్‌ది.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే పన్నులు కట్టేందుకు ఇచ్చే ఐటిన్ నంబరుతోనూ అప్లై చేయొచ్చు. కానీ లైసెన్సు వర్క్ పర్మిట్ కాదు. హెచ్-1బీ మీద ఉండి వారాంతాల్లో కెమెరాలు బిగించడం ఇమిగ్రేషన్ సమస్య. దాన్ని సీ-7 సరిచేయదు, లాయరుతో మాట్లాడండి. హెచ్-4 ఈఏడీ ఉన్న భార్య పేరున కంపెనీ పెట్టి, ఇంకొకరి లైసెన్సు అద్దెకు తెచ్చుకుందామనే సలహా కూడా తిరుగుతోంది. క్వాలిఫయరుగా, అంటే ఎవరి అనుభవం, పరీక్షల మీద కంపెనీకి లైసెన్సు వస్తుందో ఆ మనిషిగా, ఉద్యోగిని పెట్టుకుంటే ఆ మనిషి వారానికి కనీసం 32 గంటలు, లేదా కంపెనీ పనిగంటల్లో 80 శాతం, నిజంగా పనిచేయాలి. పేరు అద్దెకివ్వడం నేరం, ఇచ్చినవాడి లైసెన్సూ పోతుంది.

లైసెన్సు వచ్చాక హెల్పరుకు చేతికి డబ్బిచ్చి నడిపించేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పనివాళ్లుండీ వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బలకు ఇన్సూరెన్సు) లేకపోతే లైసెన్సు దానంతటదే సస్పెండ్ అవుతుంది. 2007లో రైట్ వర్సెస్ ఐజాక్ కేసులో పనివాళ్లను లెక్కల్లో చూపని కాంట్రాక్టరుకు ఇలాగే జరిగింది, బాకీ డబ్బు రాలేదు. ఒంటరిగా చేసుకునే సీ-7 వాళ్లు ప్రస్తుతానికి మినహాయింపు ఫారం ఇస్తే సరిపోతుంది. 2026 నుంచి ఈ ఇన్సూరెన్సు అందరికీ తప్పనిసరి అన్న పాత మెసేజ్ ఇంకా ఫార్వర్డ్ అవుతూనే ఉంది. ఆ గడువును 2028 జనవరి 1కి జరిపారు.