బిల్లు పెట్టినంత మాత్రాన చట్టం కాదు నాయనా

చిన్నోడికి, చిన్నమ్మికి,

తిరుపతి నుంచి తాత రాసేది. "ఇద్దరికి మించి పిల్లలుంటే అంతే సంగతులు, చట్టం వచ్చేసింది" అని ఎవడో గొంతు చించుకునే వీడియో పంపి, నిజమేనా అని అడిగారు. కాదు. అలాంటి బిల్లును 2019లో రాకేశ్ సిన్హా అనే ఎంపీ రాజ్యసభలో పెట్టారు, 2022లో ఆయనే వెనక్కి తీసుకున్నారు. పెట్టినప్పుడు జరిగిన రచ్చ అందరికీ గుర్తుంది, వెనక్కి తీసుకున్న సంగతి ఎంతమందికి తెలుసు?

అందుకే ముందు ఆ బిల్లు పెట్టిందెవరో అడగండి. మంత్రి పెడితే వెనక ప్రభుత్వం బలం ఉంటుంది కాబట్టి చాలావరకు గట్టెక్కుతుంది. మామూలు ఎంపీ పెడితే దాన్ని ప్రైవేటు మెంబరు బిల్లు అంటారు. లోక్‌సభలో వీటికి దక్కేది శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు, అప్పటికి చాలామంది మనసు ఊరి విమానం మీద ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటివి చట్టమైనవి 14 మాత్రమే, ఆఖరుది 1970లో. ఆ పద్నాలుగులో ఒకటి ఫిరోజ్ గాంధీ అనే ఎంపీది. పార్లమెంటులో జరిగింది జరిగినట్టు రాసిన పత్రికల మీద కేసులు పడకుండా 1956లో ఆయన తెచ్చిన చట్టం. అప్పుడు స్పీకరు కుర్చీలో ఉన్నది ఎవరనుకున్నారు, మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారే!

మరి గెలవదని తెలిసీ ఎందుకు పెడతారంటే, మంత్రి చేత సమాధానం చెప్పించడానికి, ఊళ్లో చెప్పుకోవడానికి, ఒక్కోసారి నిజంగానే దారి వేయడానికి. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం తిరుచ్చి శివ అనే ఎంపీ పెట్టిన బిల్లు 2015లో రాజ్యసభ దాటింది, లోక్‌సభలో ఆగిపోయింది. తర్వాత ప్రభుత్వమే తన బిల్లు తెచ్చి 2019లో చట్టం చేసింది, రెండూ ఒకటి కాదనుకోండి.

ఇక అరుపుల సంగతి. బిల్లు సభలోకి రాకముందే ఈ పక్క "చరిత్రాత్మకం", ఆ పక్క "ప్రజాస్వామ్యం ఖూనీ". నాలుగో క్లాజులో ఫలానా మాట మార్చాలి, కమిటీకి పంపండి అనే మనిషిని సాయంత్రం ఏ టీవీ వాడూ చూపించడు, గాంధీ రోడ్డు టీ కొట్టు దగ్గర కూడా అంతే, గట్టిగా అరిచినోడిదే మాట. నా లెక్కలో ఆ క్లాజు మనిషే అసలు పని చేసేవాడు.

ప్రభుత్వం పెట్టినవీ అన్నీ దాటవు. చట్టసభల్లో ఆడవాళ్లకు కొన్ని సీట్లు కేటాయించాలనే మహిళా బిల్లు 1996లో మొదలైంది. 1998లో సభలోనే ఆ కాగితాలు లాక్కుని చించేశారు. 2010లో రాజ్యసభ ఒప్పుకుంది, లోక్‌సభ ముట్టుకోలేదు, 2014లో లోక్‌సభ రద్దవడంతో బిల్లు మురిగిపోయింది. 2023లో కొత్తగా పెట్టి చట్టం చేశారు. అయినా జనగణన జరిగి, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే సీట్లు అని అందులోనే రాశారు చిన్నమ్మీ, "వచ్చేసింది" అని ఎవరైనా అంటే ఆ వాక్యం చదివారా అని అడుగు.

మీ తాత