ఫిబ్రవరి 29 ఎక్కడికి పోతుంది?

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు.

"నా పుట్టినరోజు క్యాలెండర్‌లో ఎందుకు లేదు తాతయ్యా?" అని బుజ్జి ఫోన్లో అడిగింది. రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి.

బుజ్జి పుట్టింది 2020 ఫిబ్రవరి 29న. గోడ మీది క్యాలెండర్‌లో 2026 ఫిబ్రవరి పేజీ తీసి చూడండి. ఒకటో తేదీ ఆదివారం, ఇరవై ఎనిమిదో తేదీ శనివారం. సరిగ్గా నాలుగు వారాలు, అంతే. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం సన్నసన్నటి అక్షరాల్లో అచ్చువేసిన ఆ గళ్లలో 29కి చోటే లేదు. మళ్లీ ఆ తేదీ కనిపించేది 2028లో.

ఇందులో ఎవరి తప్పూ లేదు. భూమి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. మనం ఏడాదికి 365 రోజులే లెక్కేస్తాం. మరి ఆ మిగిలిన ఆరు గంటలకు కాస్త తక్కువ సంగతేమిటి? చిల్లర కొట్టులో పద్దు రాసుకున్నట్టు దాన్ని పక్కన రాసిపెట్టుకుంటాం. నాలుగేళ్ల బాకీ కలిపితే ఒక రోజవుతుంది. ఆ రోజును ఫిబ్రవరి చివర చేరుస్తాం. అంటే బుజ్జీ, నీ పుట్టినరోజు మిగతా మూడేళ్లూ మాయమైపోవడం లేదమ్మా. గంటలు గంటలుగా పోగవుతోంది.

ఆరు గంటలే కదా, వదిలేస్తే ఏం పోయింది అని పెద్దవాడు అడుగుతాడని నాకు తెలుసు. వదిలేస్తే వందేళ్లకు ఇరవై నాలుగు రోజుల తేడా వస్తుంది. మన రోహిణీకార్తె ఎండలు మే నెలాఖరుకు కదా మాడ్చేది? ఏడు వందల ఏళ్లపాటు ఆ గంటల్ని వదిలేస్తూ పోతే, క్యాలెండర్‌లో నవంబరు అని ఉంటుంది, బయట మాత్రం నడివేసవి ఎండ కాస్తూ ఉంటుంది. తేదీ చూసి విత్తనం వేసే రైతు గతి ఏమవుతుందో ఆలోచించండి.

నాలుగేళ్లకోసారి ఒక రోజు కలిపే పద్ధతిని రోమ్‌లో జూలియస్ సీజర్ అమలు చేశాడు. క్రీస్తుపూర్వం 45లో మొదలైంది. అలెగ్జాండ్రియాకు చెందిన సోసిజెనిస్ అనే ఖగోళ పండితుడు ఆయనకు సలహా ఇచ్చాడు. అయితే వాళ్లు మిగులును సరిగ్గా ఆరు గంటలుగా పట్టుకున్నారు. ఏటా పదకొండు నిమిషాల చిల్లర ఎక్కువ పడింది. పదకొండు నిమిషాలు ఎవరి కంటికి కనిపిస్తాయి? కానీ 128 ఏళ్లకు అదే ఒక రోజైంది. క్రీస్తుశకం 325 నాటి లెక్కతో పోలిస్తే 1582 నాటికి పది రోజులు పేరుకుపోయాయి. అప్పుడు పోప్ పదమూడో గ్రెగరీ ఆ పది రోజుల్ని ఒక్కసారిగా తీసేయించాడు. ఇటలీలో, స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో అక్టోబరు 4 గురువారం రాత్రి పడుకున్నవాళ్లు లేచేసరికి అక్టోబరు 15 శుక్రవారం! బ్రిటన్ ఈ మార్పును ఒప్పుకోవడానికి 1752 దాకా పట్టింది. అప్పటికి తేడా పదకొండు రోజులైంది. సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. ఆ మధ్య తేదీల్లో పుట్టినరోజులున్న పిల్లల సంగతేమిటని మీరు అడగక ముందే నేనే అడుగుతున్నాను. ఆ ఏడాదికి వాళ్ల తేదీలు రాలేదు, అంతే.

ఆ పదకొండు నిమిషాల్ని సర్దడానికి ఒక నియమం పెట్టారు. నూరుతో భాగించబడే సంవత్సరం లీపు సంవత్సరం కాదు, 400తో కూడా భాగించబడితే మాత్రం అవుతుంది. కాబట్టి 1900లో ఫిబ్రవరి 29 లేదు. 2000లో ఉంది. 2100లో ఉండదు.

ఈ నియమం ఒక పెద్దమనిషి బాల్యంలో ఏం చేసిందో చూడండి. మన దేశ ప్రధానమంత్రిగా పనిచేసిన మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న గుజరాత్‌లోని భదేలీ గ్రామంలో పుట్టారు. నాలుగేళ్లు గడిచి 1900 వచ్చింది, తేదీ రాలేదు. ఆయన తొలి పుట్టినరోజు తేదీ వచ్చేసరికి 1904 అయింది, ఎనిమిదేళ్లు నిండాయి. పెద్దయ్యాక డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదిలేసి 1930లో స్వాతంత్ర్య పోరాటంలోకి దూకారు. 1968 ఫిబ్రవరి 29న ఆర్థికమంత్రి హోదాలో పార్లమెంటులో బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఆ రోజుతో డెబ్భై రెండేళ్లు నిండాయి, వచ్చిన పుట్టినరోజులు లెక్కపెడితే మాత్రం పదిహేడోది. 1977లో ప్రధానమంత్రి అయ్యేనాటికి ఎనభై ఒక్క ఏళ్లు. 1995 ఏప్రిల్‌లో, తొంభై తొమ్మిదేళ్లు నిండాక పోయారు. నిండు జీవితం. ఆ జీవితంలో ఫిబ్రవరి 29లు ఇరవై మూడే.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. ఎనిమిదేళ్ల మొరార్జీకి మొట్టమొదటి పుట్టినరోజు వచ్చిన ఆ 1904 ఫిబ్రవరి 29నే, అదే రోజున, మదురైలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమె రుక్మిణీదేవి అరండేల్. గౌరవంగల ఇళ్ల ఆడపిల్లలు భరతనాట్యం జోలికి పోకూడదని అందరూ అనుకునే కాలంలో, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకుని 1935లో అందరి ముందూ వేదికెక్కి నర్తించారు. మరుసటి ఏడాది మద్రాసులో కళాక్షేత్రం స్థాపించారు. ఈరోజు మన ఊళ్లలో సాయంత్రం పూట గజ్జెలు కట్టుకుని భరతనాట్యం క్లాసుకు వెళ్లే పిల్లల వెనకాల ఆమె తెగువ కూడా ఉంది. రాజ్యసభ సభ్యురాలిగా నోరులేని జీవాల కోసం బిల్లు తెచ్చి పోరాడారు. జంతువులపై హింసను అరికట్టే చట్టం 1960లో వచ్చింది. వీధికుక్క మీద రాయి విసరబోయే ముందు ఆమెను ఒకసారి తలచుకోండి నాయనా.

ఈ ఇద్దరూ 1977లో ఒక విషయంలో కలిశారు. రాష్ట్రపతి పదవికి మిమ్మల్ని నిలబెడతామని ప్రధాని మొరార్జీ ఆమెను అడిగారు. ఆమె వద్దన్నారు. తర్వాత ఆ పదవిలోకి వచ్చింది ఎవరనుకున్నారు? మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు. పోటీ లేకుండా ఏకగ్రీవంగా ఎన్నికైన రాష్ట్రపతి ఆయనొక్కరే.

ఇటలీ సంగీతకారుడు రోస్సినీ పుట్టింది కూడా ఈ తేదీనే, 1792లో. నార్వేలో ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలు 1960, 1964, 1968లలో వరసగా ఫిబ్రవరి 29న పుట్టారు. ఆ ఇంట్లో నాలుగేళ్లకోసారి పండగ ఎలా ఉండేదో!

ఏ ప్రభుత్వమూ సెలవు ఇవ్వకపోయినా, జనం ఈ రోజును తమ ఇష్టప్రకారం పండగ చేసుకుంటూనే ఉన్నారు. ఐర్లండ్, ఇంగ్లండ్ ప్రాంతాల్లో పాతకాలపు ఆచారం ఒకటుంది. మామూలు రోజుల్లో పెళ్లి మాట మగవాడే ఎత్తాలి, ఈ ఒక్కరోజు ఆడపిల్ల ఎత్తవచ్చు. బ్రిజిడ్ అనే సన్యాసిని ప్యాట్రిక్ అనే సాధువుతో వాదించి ఈ హక్కు సంపాదించిందని కథ చెబుతారు. డెన్మార్క్‌లో అయితే కాదన్న మగవాడు ఆ అమ్మాయికి పన్నెండు జతల చేతి తొడుగులు ఇచ్చుకోవాలట. అమ్మాయిల మాటకు నాలుగేళ్లకు ఒక్కరోజే చెల్లుబాటు అన్నది నాకు నచ్చదు. మీ కాలానికి ఆ హద్దు ఉండకూడదు.

అమెరికాలో టెక్సస్, న్యూమెక్సికో సరిహద్దు మీద ఆంథొనీ అనే చిన్న ఊరుంది. అక్కడ ఈ తేదీన పుట్టిన ఇరుగుపొరుగు ఆడవాళ్లిద్దరు చొరవ తీసుకోవడంతో 1988 నుంచి ఆ ఊరు తనను లీపు సంవత్సరాల ప్రపంచ రాజధానిగా చెప్పుకుంటోంది. ఎక్కడెక్కడి ఫిబ్రవరి 29 వాళ్లూ అక్కడికి చేరి కలిసి పుట్టినరోజు చేసుకుంటారు.

ఫ్రాన్స్‌వాళ్ల పని నాకు ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1980లో కొందరు స్నేహితులు కలిసి 'లా బూజీ ద్యు సాపర్' అని ఒక పత్రిక మొదలుపెట్టారు. ఫిబ్రవరి 29న తప్ప ఇంకే రోజూ అది రాదు! 2024లో వచ్చింది పన్నెండో సంచిక. మన పేపర్లకు ఆదివారం అనుబంధం ఉన్నట్టే దానికీ ఒకటుంది. ఫిబ్రవరి 29 ఆదివారం నాడు పడేది ఇరవై ఎనిమిదేళ్లకోసారి. 2004లో పడింది, మళ్లీ 2032లో పడుతుంది.

ఇంకొకటి నవ్వుకునే విషయం కాదు, అయినా మీకు తెలియాలి. చాలా తక్కువమందికి వచ్చే జబ్బులుంటాయి. మందు దొరకదు, డాక్టర్లకే పేరు తెలియదు. ఆ రోగుల కష్టాన్ని అందరికీ చెప్పడానికి 2008లో యూరప్‌లో అరుదైన వ్యాధుల దినం మొదలుపెట్టారు. అరుదైన తేదీ కాబట్టి ఫిబ్రవరి 29ని ఎంచుకున్నారు. మిగతా ఏళ్లలో 28న జరుపుతారు.

మన పంచాంగం మాత్రం మిగులుతో వేరే విధంగా వ్యవహరిస్తుంది. మన నెలలు చంద్రుడివి. పన్నెండు నెలలకు 354 రోజులే అవుతాయి, ఏటా దాదాపు పదకొండు రోజులు వెనకబడతాం. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. 2024లో పదకొండు రోజులు ముందుకు జరిగి మార్చి 11 ప్రాంతంలో రావాలి, కానీ ఏప్రిల్ 9న వచ్చింది. ఎందుకంటే మధ్యలో ఒక అధిక శ్రావణం వచ్చి బాకీ తీర్చేసింది. వాళ్లు ఒక రోజు కలిపితే మనం ఏకంగా నెల కలుపుతాం! సూర్యుడు రాశి మారని చాంద్రమాసం అధికమాసం. పంతొమ్మిదేళ్లలో ఏడు వస్తాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. అధికమాసంలో పెళ్లిళ్లు చేయరు. కానీ ఆ ఏడాది తిరుమలలో స్వామికి రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అధికమాసంలో పుట్టిన పిల్లలకు మామూలు ఏళ్లలో అదే పేరుగల నెలలో, అదే తిథికి పుట్టినరోజు చేస్తారు. ఈ లెక్కలో పుట్టినరోజు రాని ఏడాదంటూ ఉండదు.

ఇక బుజ్జి అసలు ప్రశ్న. తేదీ లేని ఏడాది కేకు 28న కోయాలా, మార్చి 1న కోయాలా? దేశాలకే దీనిమీద ఏకాభిప్రాయం లేదు. న్యూజిలాండ్ చట్టం 28 అంటుంది, హాంకాంగ్ చట్టం మార్చి 1 అంటుంది. నేను ఆకాశాన్ని అడిగి చెబుతాను. నువ్వు పుట్టింది మధ్యాహ్నం పన్నెండు గంటలకు. అక్కడి నుంచి ఏడాదికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు కలుపుకుంటూ పోయాను. 2021లో భూమి మళ్లీ నువ్వు పుట్టిన చోటికి వచ్చింది ఫిబ్రవరి 28 సాయంత్రం 5:48కి. 2022లో అదే తేదీ రాత్రి 11:37కి. 2023లో మార్చి 1 తెల్లవారుజామున 5:26కి. 2024లో ఫిబ్రవరి 29 ఉదయం పదకొండుంపావుకు. చూశావా, పన్నెండుకు ముప్పావుగంట ముందే వచ్చేసింది! గ్రెగరీ సర్దిన చిల్లర అదే.

పెద్దవాడు కాగితం మీద వేసి సరిచూడాలి. నా లెక్క ప్రకారం 2026లో అది ఫిబ్రవరి 28 రాత్రి 10:52కి దాటిపోయింది, అప్పటికి నువ్వు నిద్రపోయి ఉంటావు. 2027లో మార్చి 1 తెల్లవారుజామున 4:41కి వస్తుంది, అమ్మతో అలారం పెట్టించుకో. 2028లో ఫిబ్రవరి 29, మంగళవారం, ఉదయం పదిన్నరకు. అప్పుడు బళ్లో ఉంటావు కాబట్టి చాక్లెట్లు ముందురోజే కొనిపెట్టించుకో.

మీ
తాతయ్య