రాతి దుమ్ము, సిలికోసిస్: కాంట్రాక్టర్లు నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

గ్రానైట్ కోత, క్రషర్ పని, ఫౌండ్రీలో ఇసుక అచ్చులు కొట్టడం, కాంక్రీటు చిప్పింగ్, ఫర్నేసు లైనింగ్ విప్పడం వంటి పనులన్నింటిలోనూ రేగే దుమ్ములో స్ఫటిక సిలికా (ఎక్కువగా క్వార్ట్జ్ రూపంలో) ఉంటుంది. దానిని ఏళ్ల తరబడి పీల్చినవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బైన సిలికోసిస్‌ను నయం చేసే మందు నేటికీ లేదు. దానిని రాకుండా ఆపే పద్ధతులు మాత్రం ఎప్పటినుంచో ఉన్నాయి. సైట్లలో దుమ్ము కొలతలు తీసే వృత్తిలో ఉన్నందువల్ల నేను తరచూ వినే మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

అపోహ: పని ముగిశాక బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుంది.

వాస్తవం: మనం మింగిన బెల్లం అన్నవాహిక గుండా కడుపులోకి పోతుంది, పీల్చిన దుమ్ము శ్వాసనాళాల గుండా ఊపిరితిత్తుల చివరనున్న గాలి గదులకు చేరుతుంది. ఈ రెండు దారులూ వేరు. గాలి గదుల్లో చేరిన సిలికా రేణువును అక్కడి రక్షక కణం మింగి, దానిని అరిగించుకోలేక చనిపోతుంది. రేణువు మళ్లీ బయటపడి మరో కణాన్ని చంపుతుంది, ఈ క్రమంలో ఊపిరితిత్తి మెత్తదనం కోల్పోయి మచ్చలు కడుతుంది. బెల్లం పంచడంలో తప్పేమీ లేదు, అయితే దానిని భద్రతా చర్యగా రిజిస్టరులో రాసుకోవడం మాత్రం నిజంగా బాధాకరం.

అపోహ: కంటికి దుమ్ము కనబడడం లేదు కాబట్టి గాలి శుభ్రంగానే ఉంది.

వాస్తవం: కనబడే దుమ్ములో ఎక్కువ భాగం ముక్కు, గొంతుల్లోనే ఆగిపోతుంది. హాని చేసేది అయిదారు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండే, కంటికి ఆనని రేణువు. పది మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువు మనిషి ముఖం ఎత్తు నుంచి నిశ్చలమైన గాలిలో మూడు నిమిషాల్లో నేల చేరితే, ఒక మైక్రాన్ రేణువుకు అయిదు గంటలు పడుతుంది. అంటే ఉదయం ఎండుగా కోసిన రాయి దుమ్మును మధ్యాహ్నం అక్కడే కూర్చుని అన్నం తినేవారు కూడా పీలుస్తున్నారు. కార్మికుడి కాలరుకు సైక్లోన్ (సన్నని రేణువులను వేరు చేసే చిన్న పరికరం) బిగించి, నడుముకు పంపు కట్టి, షిఫ్టంతా సేకరించిన ఫిల్టరును ప్రయోగశాలలో పరీక్షించడం ఒక్కటే గాలి సంగతి చెప్పగలదు.

అపోహ: అందరికీ మాస్కులు ఇచ్చాం, మా బాధ్యత తీరింది.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. తువ్వాలు, గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ రేణువులను ఆపలేవు. ఎన్‌95 మాస్కు సైతం ముఖానికి సరిగ్గా అతికినప్పుడు దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందనే లెక్కతోనే వాడాలి. గడ్డం ఉన్నా, కింది పట్టీ మెడ దగ్గర వేలాడుతున్నా ఆ లెక్క కూడా వర్తించదు. మూసిన గదిలో గ్రైండరుతో ఎండు రాయిని కోసేటప్పుడు దుమ్ము పరిమితిని పది రెట్లు దాటడం అసాధారణమేమీ కాదు.

కాబట్టి దుమ్మును ముక్కు దగ్గర కాకుండా అది పుట్టే చోటే పట్టుకోవాలి. బ్లేడు రాతిని తాకే బిందువు మీదే నీళ్లు పడాలి. పక్కనుంచి పైపుతో నేల తడిపితే ప్రయోజనం లేదు. డ్రిల్లింగ్‌లో నీరు రాడ్డు గుండా రంధ్రం అడుగుకు చేరాలి. కరెంటు షాక్ భయం ఉన్నచోట గాలితో నడిచే పనిముట్టు వాడవచ్చు లేదా కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టవచ్చు. నీళ్లు వాడలేని పనిలో గ్రైండరుకు ష్రౌడు (బ్లేడు చుట్టూ ఉండే తొడుగు) బిగించి, అతి సన్నని రేణువులను పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌కు కలపాలి. ఇవన్నీ చేశాక మిగిలిన దుమ్ముకే మాస్కు. ఇంత చేసినా, సాయంత్రం కంప్రెసర్ గొట్టంతో బట్టలు దులుపుకొంటే, తడి కోతలో మిగిలిన బురదను ఆరనిచ్చి మర్నాడు చీపురుతో ఊడిస్తే, ఆపిన దుమ్మంతా మళ్లీ గాలిలోకి లేస్తుంది.

అపోహ: గ్రానైట్ దుమ్ము ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో కుటుంబానికి చెందిన శిల, అందులో క్వార్ట్జ్ బాగా తక్కువ. కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్ మాత్రం క్వార్ట్జ్ ఉన్న అసలు గ్రానైటే. కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాటవచ్చు. వాటిని కోసేవారిలో యువకులే జబ్బు పడడం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. ఒకే కోత యూనిట్‌కు ఈ మూడూ వస్తాయి గనుక జాగ్రత్తలు ఎక్కువ సిలికా ఉన్న రాయిని బట్టే నిర్ణయించాలి.

షట్‌డౌన్ కాంట్రాక్టర్లకు (ప్లాంటు ఆపినప్పుడు మరమ్మతు పనులు చేసేవారికి) మరో మాట. ఫర్నేసులో ఎక్కువకాలం అధిక వేడికి గురైన సిరామిక్ ఫైబరు దుప్పటిలో (వేడి బయటికి పోకుండా వేసే పొరలో) కొంత భాగం స్ఫటిక సిలికాలో మరో రకమైన క్రిస్టోబలైట్‌గా మారుతుంది. కొత్త దుప్పటి సరఫరాతో వచ్చిన భద్రతా పత్రం పాత దుప్పటి విప్పే పనికి సరిపోదు.

అపోహ: మన దేశంలో దీనికి కొలమానమేదీ లేదు.

వాస్తవం: 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులోనే అది ఉండేది. శ్వాసలో లోపలికి పోయే దుమ్ముకు పరిమితిని, 10ని ఆ దుమ్ములోని క్వార్ట్జ్ శాతానికి 2 కలిపిన సంఖ్యతో భాగించి, ఘనపు మీటరుకు మిల్లీగ్రాముల్లో లెక్కించేవారు. ఆ లెక్కన క్వార్ట్జ్ 30 శాతం ఉంటే పరిమితి సుమారు 0.31 మిల్లీగ్రాములు, అందులో క్వార్ట్జ్ దాదాపు 94 మైక్రోగ్రాములు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమితి 50 మైక్రోగ్రాములే కాబట్టి మన అంకె లోపల ఉన్నామని నిశ్చింతగా ఉండడం తగదు. క్రిస్టోబలైట్‌కు ఆ షెడ్యూలులోనే పరిమితి సగం ఉండేది.

అపోహ: కాంట్రాక్టు కార్మికుడి జబ్బుతో కంపెనీకి సంబంధం లేదు.

వాస్తవం: ఫ్యాక్టరీల చట్టం ఇచ్చిన కార్మికుడి నిర్వచనంలోనే కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు ఉండేవారు. 1923 ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్ ప్రకారం కార్మికుడు ప్రధాన యజమాని (కంపెనీ) నుంచి పరిహారం కోరవచ్చు, ఆ యజమాని దానిని కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. సిలికోసిస్ ఆ కోడ్ వృత్తి వ్యాధుల షెడ్యూలులో ఉంది. ఫ్యాక్టరీల చట్టంలో ఉన్నట్టే, దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ అది తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధి.

అపోహ: పని మానేస్తే జబ్బు ఆగిపోతుంది.

వాస్తవం: సాధారణంగా పదేళ్లు దాటాక బయటపడే ఈ జబ్బు దుమ్ముకు దూరమయ్యాక కూడా ముదరవచ్చు, క్షయ సోకే ముప్పునూ పెంచుతుంది. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ మందులు మాత్రమే రాసిచ్చి పంపడం జరుగుతూనే ఉంది. డాక్టరు వృత్తి గురించి అడగకపోతే కార్మికుడే చెప్పాలి, చెప్పడానికి అతని దగ్గర ఆధారం ఉండాలి. అందుకే చేరేటప్పుడూ ఆ తర్వాత క్రమం తప్పకుండానూ తీసిన ఎక్స్‌రే, ఊపిరి సామర్థ్య పరీక్ష ప్రతులను, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ పని చేశాడో, దుమ్ము కొలత ఎంత వచ్చిందో రాసిన కాగితంతో కలిపి, కార్మికుడు సైటు వదిలే రోజున ఫైనల్ సెటిల్‌మెంట్‌తో పాటే అతని చేతికి ఇవ్వాలి.