మాక్స్ వాన్ డెర్ స్టూల్: నిశ్శబ్ద దౌత్యంపై కొన్ని అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ సంబంధాలు బోధించే వృత్తిలో ఉన్నందువల్ల, నెదర్లాండ్స్‌కు చెందిన, ఐరోపాలో జాతీయ మైనారిటీల మొదటి హై కమిషనర్ మాక్స్ వాన్ డెర్ స్టూల్ (1924-2011) జీవితాన్ని ఏటా తరగతిలో ప్రస్తావించవలసి వస్తుంది. ప్రస్తావించిన ప్రతిసారీ ఒకరో ఇద్దరో ఆయనను మైనారిటీల రక్షకుడని పొగుడుతారు, మరొకరు గొంతెత్తని మెతకమనిషి అని తీసిపారేస్తారు. రెండు మాటలూ తప్పే. అవి ఎక్కడినుంచి పుట్టాయో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: ఆయన వృత్తిరీత్యా దౌత్యవేత్త.

వాస్తవం: కాదు. లైడెన్‌లో న్యాయశాస్త్రం చదివి, లేబర్ పార్టీ ద్వారా పార్లమెంటుకు వచ్చిన రాజకీయ నాయకుడు. 1973 నుంచి 1977 వరకు, మళ్లీ 1981-82లో విదేశాంగ మంత్రిగా పనిచేశారు. ఆ తర్వాతనే, 1983లో, ఐక్యరాజ్యసమితిలో తమ దేశపు శాశ్వత ప్రతినిధిగా న్యూయార్క్ వెళ్లారు. ఈ వరుస తెలియకపోతే తర్వాతి కథ సరిగా అర్థం కాదు. ఒక మంత్రికి బయటినుంచి సలహా అందినప్పుడు, దానిని ఒప్పుకుంటే సొంత పార్టీలో ఏమంటారో, ప్రతిపక్షం ఎలా విరుచుకుపడుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవారికే బాగా తెలుస్తుంది.

అపోహ: 1993 నుంచి 2001 వరకు ఆయన మైనారిటీల తరఫున వాదించే పదవిలో ఉన్నారు.

వాస్తవం: అందరూ పొరబడేది ఇక్కడే. యుగోస్లావియా అంతర్యుద్ధంలో కూరుకుపోతుండగా, 1992 జులైలో హెల్సింకీలో సమావేశమైన ఐరోపా భద్రతా సహకార వేదిక దేశాలు జాతీయ మైనారిటీల హై కమిషనర్ అనే పదవిని సృష్టించాయి. దాని మొదటి కమిషనర్ వాన్ డెర్ స్టూల్. ఆ పదవి మైనారిటీల వ్యవహారాలకు సంబంధించినదే తప్ప మైనారిటీల పక్షాన నిలబడేది కాదు. జాతుల మధ్య తగవు ముదిరి దేశాల మధ్య ఘర్షణగా మారకముందే దానిని పసిగట్టి చల్లార్చడమే అప్పగించిన పని. అందుకే వ్యక్తుల ఫిర్యాదులను విచారించే అధికారం ఆ పదవికి ఇవ్వలేదు. వ్యవస్థీకృత ఉగ్రవాద చర్యలున్న చోట ఆయన అడుగుపెట్టకూడదనీ నియమం పెట్టారు. న్యాయం కోసం తలుపు తట్టినవారికి ఈ పరిమితులు కఠినంగా తోచడం సహజం. కానీ ఒక పక్షానికి వకీలుగా ముద్రపడిన వ్యక్తిని రెండో పక్షం గుమ్మంలోకి కూడా రానివ్వదన్న సంగతి ఆ నియమాలు రాసినవారికి తెలుసు.

అపోహ: నిశ్శబ్ద దౌత్యం, అంటే బహిరంగంగా నిందించకుండా తెరవెనుక మాట్లాడి ఒప్పించే ఆయన పద్ధతి, భయం వల్ల, లేదా మొహమాటం వల్ల పుట్టింది.

వాస్తవం: ఈ మాట అనేవారు ఆయన జీవితంలో 1993కు ముందున్న పాతికేళ్లను చూడలేదని నా అభిప్రాయం. 1967 ఏప్రిల్‌లో గ్రీస్‌లో సైనికాధికారులు అధికారం చేజిక్కించుకున్నాక, ఐరోపా దేశాల మానవ హక్కుల సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ సలహా సభ తరఫున అక్కడి పరిస్థితిపై నివేదిక ఇచ్చే బాధ్యత ఆయనపై పడింది. ఆ నివేదికల ఘాటు భరించలేక సైనిక ప్రభుత్వం ఆయనను దేశంలోకి రానివ్వలేదు. చివరకు 1969 డిసెంబరులో, బహిష్కరణ తప్పదని తేలాక, గ్రీస్ తానే ఆ కౌన్సిల్ నుంచి వైదొలగింది.

ఇక ప్రాగ్ ఘటన. 1977 జనవరిలో చెకోస్లొవేకియా అసమ్మతివాదులు చార్టర్ 77 పేరుతో, తమ ప్రభుత్వం తానే సంతకం చేసిన మానవ హక్కుల ఒప్పందాలను పాటించాలని కోరారు. విదేశాంగ మంత్రి హోదాలో అక్కడికి వెళ్లిన వాన్ డెర్ స్టూల్, మార్చి 1న తాను దిగిన హోటల్లో ఆ చార్టర్ ప్రతినిధి, తత్వవేత్త యాన్ పటొచ్కాతో కొద్దిసేపు మాట్లాడారు. ఆగ్రహించిన అధ్యక్షుడు హుసాక్ తనతో జరగవలసిన భేటీని రద్దుచేశాడు. పటొచ్కాను పోలీసులు గంటల తరబడి ప్రశ్నించారు. మార్చి 13న, 69 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావంతో ఆయన మరణించారు. ఒక మంత్రి బహిరంగంగా చేసిన సత్కార్యానికి మూల్యం మరొకరు చెల్లించిన ఉదంతంగా దీనిని నేను పాఠంలో చెబుతాను. అంతమాత్రాన ఆ కలయిక తప్పని నేను అనుకోవడం లేదు. పటొచ్కా ఏమి జరగవచ్చో ఎరిగే వచ్చిన మనిషి.

ఇంతకన్నా బలమైన రుజువు మరొకటి ఉంది. 1991 నుంచి 1999 వరకు ఇరాక్‌లో మానవ హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి కూడా ఈయనే. అంటే హై కమిషనర్‌గా రహస్య సంప్రదింపులు జరుపుతున్న సంవత్సరాలలోనే, సద్దాం హుస్సేన్ ప్రభుత్వపు హత్యలను, చిత్రహింసలను, కుర్దులపై, దక్షిణ ప్రాంతపు చిత్తడినేలల ప్రజలపై సాగిన దమనకాండను జంకు లేకుండా బహిరంగ నివేదికలలో ఎండగట్టారు. ఒక పనిలో నోరు విప్పడమే ఆయుధం. రెండో పనిలో నోరు విప్పితే ఆయుధమే చేజారిపోతుంది.

అపోహ: ఆయన మాట చెల్లడానికి వెనుక పెద్ద అధికారం ఉండి ఉంటుంది.

వాస్తవం: హేగ్‌లో ఒక చిన్న కార్యాలయం, కొద్దిమంది సలహాదారులు, ప్రయాణం, ఉత్తరం. ఆంక్షలు విధించే శక్తి లేదు. సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన ఎస్టోనియానే చూడండి. 1993 జూన్‌లో అక్కడి పార్లమెంటు విదేశీయుల చట్టం ఆమోదించింది. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన లక్షలాది రష్యన్ భాషీయులు తమ నివాసానికే ముప్పు వచ్చిందని భయపడ్డారు. అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి సంతకం చేయకుండా ఐరోపా సంస్థల అభిప్రాయం కోరాడు. వాన్ డెర్ స్టూల్ తదితరుల సూచనలు అందాక జులైలో చట్టాన్ని సవరించారు. అదే నెలలో రష్యన్ భాషీయులు అధికంగా ఉన్న నార్వా, సిల్లమాయె పట్టణాలు స్వయంప్రతిపత్తిపై ఓటింగు తలపెట్టాయి. దానిని బలప్రయోగంతో అడ్డుకోబోమని ప్రభుత్వం నుంచీ, చెల్లదని జాతీయ న్యాయస్థానం తీర్పు ఇస్తే కట్టుబడతామని పట్టణ నాయకుల నుంచీ ఆయన మాట తీసుకున్నారు. ఓటింగు జరిగింది. న్యాయస్థానం చెల్లదన్నది. ఎవరూ వీధులకెక్కి తలలు పగలగొట్టుకోలేదు.

ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. సిఫారసులను సంబంధిత దేశపు విదేశాంగ మంత్రికి లేఖగా పంపి, జవాబు వచ్చాకనే రెండింటినీ బయటపెట్టేవారు. ముందు గోప్యత, తర్వాత ప్రచురణ. కాబట్టి నిశ్శబ్దం అన్న పేరు కూడా సగమే నిజం.

అపోహ: మాసిడోనియాలో యుద్ధం రానే వచ్చింది, కాబట్టి అక్కడ ఆయన పద్ధతి విఫలమైంది.

వాస్తవం: ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేను. నేటి ఉత్తర మాసిడోనియాలో మైనారిటీలైన అల్బేనియన్లు 1994లో టెటోవోలో తమ భాషలో ఒక విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. ప్రభుత్వం దానిని గుర్తించలేదు, పోలీసు చర్యలో ప్రాణం పోయింది. ఏళ్ల తరబడి ఇరువర్గాల మధ్య తిరిగిన వాన్ డెర్ స్టూల్, అల్బేనియన్, మాసిడోనియన్, ఆంగ్ల భాషలలో బోధించే ప్రైవేటు విశ్వవిద్యాలయం అనే మధ్యేమార్గం సూచించారు. అందుకు వీలు కల్పించే చట్టం 2000లో వచ్చింది. 2001లో అల్బేనియన్ తిరుగుబాటుదారులకూ ప్రభుత్వ బలగాలకూ మధ్య సాయుధ పోరు చెలరేగింది, అదీ టెటోవో పరిసరాలలోనే. ఆగస్టులో ఓహ్రిడ్ శాంతి ఒప్పందంతో అది చల్లారాక, ఆ శరదృతువులోనే విశ్వవిద్యాలయం తలుపులు తెరుచుకున్నాయి. ముందుగా పసిగట్టడం ఒక్కదానితో యుద్ధం ఆగదు. అయితే మాతృభాషలో ఉన్నత విద్య అన్న చిక్కుముడిని అప్పటికే కొంత సడలించి ఉంచకపోతే ఒప్పందం కుదర్చడం ఇంకా కష్టమయ్యేదని నా అంచనా.

అపోహ: మానవ హక్కుల ప్రశ్న అయితే బహిరంగంగా, మైనారిటీల ప్రశ్న అయితే గుట్టుగా. ఇదే ఆయన సూత్రం.

వాస్తవం: విద్యార్థులకు సూత్రాలంటే ఇష్టం, కానీ ఇది కూడా నిలవదు. నెదర్లాండ్స్ అప్పటి యువరాజు విల్లెమ్ అలెగ్జాండర్, అర్జెంటీనాకు చెందిన మాక్సిమాను పెళ్లాడదలచినప్పుడు ఆమె తండ్రి హోర్హె సొర్రెగియెటా, అర్జెంటీనాను ఏలిన సైనికాధికారి విదేలా నియంతృత్వంలో వ్యవసాయ వ్యవహారాలు చూసిన వ్యక్తి అన్న సంగతి పెద్ద వివాదమైంది. ఆ పెళ్లికి పార్లమెంటు ఆమోదం కావాలి. ప్రధాని విమ్ కోక్ ఈ చిక్కును వాన్ డెర్ స్టూల్‌కు అప్పగించారు. మానవ హక్కుల ప్రశ్నే అయినా, పత్రికలకు పొక్కకుండా ఆయన మాక్సిమా తండ్రితో మాట్లాడి, పెళ్లికి రాకుండా ఉండేలా ఒప్పించారు. 2001 మార్చి 30న నిశ్చితార్థం ప్రకటించారు. 2002 ఫిబ్రవరి 2న ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన పెళ్లికి వధువు తండ్రి రాలేదు, తల్లి కూడా రాలేదు.