జింబాబ్వే అడవిలో ఓ చెలమ

జింబాబ్వేలో కరీబా సరస్సు దక్షిణపు ఒడ్డున మటుసడోనా నేషనల్ పార్క్ ఉంది. అందులో 40 దాకా సింహాలున్నాయి. ఏనుగులూ ఉన్నాయి. 2024 డిసెంబరు చివర్లో ఏడెనిమిదేళ్ళ పిల్లాడొకడు దారి తప్పి అందులోకి వెళ్ళిపోయాడు. 5 రోజుల తర్వాత ప్రాణాలతో దొరికాడు. రాత్రిళ్ళు బండరాళ్ళ మీద పడుకున్నాడు, అడవి పండ్లు తిన్నాడు. అందరూ సింహాల గురించే మాట్లాడుకున్నారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో సంగతి: ఎండిన ఏటిలో కర్రతో గుంట తవ్వి నీళ్ళు తాగాడట.

అంటే చెలమ! వేసవిలో పెన్న, చిత్రావతి ఇసుకలో మనవాళ్ళు తవ్వుకునేది అదే. మొదట ఊరిన మురికి నీళ్ళు చిప్పతో తోడి పారబోస్తారు. కాసేపటికి అడుగున ఇసుక రేణువులు కనపడేంత తేటగా ఊరతాయి.

పైన అంత ఎండ కాస్తుంటే కింద నీళ్ళు ఎలా మిగిలాయి? దీన్ని గంగమ్మ మహిమ అనేవాళ్ళున్నారు. అసలు కారణం కూడా అంతే అందంగా ఉంటుంది. రేణువుల మధ్య సందుల్లోంచి నీరు పైకి పాకుతుంది. సందు ఎంత సన్నమైతే అంత ఎత్తుకి. సందు వ్యాసార్థం 0.1 మిల్లీమీటరైతే నీరు దాదాపు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది, 0.3 అయితే 5 సెంటీమీటర్లే. ఏటి ఇసుక ముతక, సందులు పెద్దవి. అందుకే మీటరు లోతున ఉన్న నీరు పైదాకా రాలేదు. పైపొర ఎండిపోయాక ఆ పొడి ఇసుకే మూతలా పనిచేస్తుంది. దాన్ని దాటి పోయేది కొద్దిపాటి ఆవిరి మాత్రమే. బంకమట్టిలో ఇలా కుదరదు. దాని సందులు మరీ సన్నం, నీటిని పైకి లాగి ఎండకి అప్పజెప్పేస్తాయి.

తవ్వేటప్పుడు చూడండి, పొడి ఇసుక గుంటలోకి జారిపోతూనే ఉంటుంది. తడి తగలగానే గోడ నిలబడుతుంది. సందుల్లో నీటిని పైకి లాగేది తలతన్యత, అంటే నీటి ఉపరితలం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండే గుణం. రేణువుల్ని పట్టి ఉంచేది కూడా అదే. సన్నని సందుల్లో నీరు ఇలా పైకి పాకడాన్నే స్కూల్లో కేశనాళికీయత అని చెప్పి, గాజు గొట్టం బొమ్మ గీయించి వదిలేస్తారు. పిల్లల్ని ఒక్కసారి ఏటికి తీసుకెళ్ళి చెలమ తీయిస్తే జన్మలో మర్చిపోరు.

ఎక్కడపడితే అక్కడ తవ్వితే నీళ్ళు పడవు. ఏరు వంపు తిరిగేచోట బయటి ఒడ్డున ప్రవాహం లోతుగా కోస్తుంది. నీరు చివరిదాకా నిలిచేది అక్కడే. ఏనుగులకీ ఇది తెలుసు. కాళ్ళతో, తొండంతో తవ్వి తాగి వెళ్ళిపోతాయి, ఆ గుంటలో మిగతా జంతువులు తాగుతాయి.

పైగా అక్కడ పెద్ద నీళ్ళ దగ్గరికి పోవడమే ప్రమాదం. నీళ్ళలో మొసళ్ళు, చీకటి పడగానే మేతకి గట్టెక్కే నీటి గుర్రాలు. చెలమకి ఆ భయం తక్కువ. పిల్లాడిది కరువు ప్రాంతం, ఏటిలో నీళ్ళు తవ్వుకోవడం అక్కడివాళ్ళకి మామూలే.

ఊళ్ళోవాళ్ళు వాడికి వినపడాలని రోజూ డప్పులు మోగించారు. చివరికి రేంజర్ల కంట పడ్డవి నేల మీద చిన్న చిన్న పాదాల గుర్తులు, ఇంకా తాజాగా ఉన్నవి.