ఓడినవాళ్లకే ఖాళీ కుర్చీ: సియాటెల్ కౌన్సిల్ పేచీ ఎక్కడ ముదిరింది

అమెరికాలోని సియాటెల్ నగరంలో ఐదో డిస్ట్రిక్ట్ కౌన్సిల్ సీటుకు 2026 నవంబరులో ఎన్నిక. ఆ సీట్లో ఉన్న డెబోరా హువారెజ్‌ను ఈ విడత ఎన్నుకున్నది ఓటర్లు కాదు. 2025 జులైలో క్యాథీ మూర్ రాజీనామా చేశాక తోటి కౌన్సిల్ సభ్యులే ఆమెను తెచ్చి కూర్చోబెట్టారు. హువారెజ్‌కు ఆ సీటు కొత్త కాదు. అంతకుముందు రెండు టర్ములు అక్కడి నుంచే గెలిచారు. ఎన్నికలో నిలబడనని కూడా ముందే చెప్పేశారు. కాబట్టి గొడవ ఆమె గురించి కాదు. సభ్యులు మధ్యలో తప్పుకుంటే ఆ కుర్చీ ఎవరి చేతుల్లో ఉండాలన్నదే అసలు తగువు.

నగరపాలనకు మూల చట్టమైన చార్టర్ ప్రకారం సీటు ఖాళీ అయితే 20 రోజుల్లో మిగిలిన సభ్యులే ఒకరిని ఎంచుకోవాలి. కౌన్సిల్‌లో ఉండేది తొమ్మిది మందే కాబట్టి ఐదు ఓట్లు వస్తే చాలు. గడువు దాటితే పనిదినాల్లో రోజూ కూర్చుని అయినా తేల్చాలి. తర్వాతి ఎన్నిక దాకా ఆ మనిషి పూర్తిస్థాయి సభ్యుడే. బడ్జెట్ మీదా ఓటు ఉంటుంది, పోలీసు యూనియన్‌తో చేసుకునే ఒప్పందం మీదా ఉంటుంది. దశాబ్దాలుగా ఇదే పద్ధతి నడుస్తోంది. అప్పుడప్పుడూ విసుగులు, విమర్శలు వచ్చాయి తప్ప పెద్ద రాద్ధాంతం కాలేదు.

అది ముదిరింది 2024 జనవరిలో.

అప్పటికి రెండు నెలల ముందే ఎన్నికలు ముగిశాయి. వ్యాపార వర్గాల అండ ఉన్న అభ్యర్థులు ఎక్కువ సీట్లు గెలిచారు. ఐదుగురు కొత్త సభ్యులు వచ్చారు, సారా నెల్సన్ కౌన్సిల్ ప్రెసిడెంట్ అయ్యారు. ఆ గాలికి ఎదురీది నిలిచిన వామపక్ష సభ్యురాలు టామీ మొరాలెస్. రెండో డిస్ట్రిక్ట్‌లో టాన్యా వూ మీద ఆమె సుమారు 400 ఓట్ల తేడాతో బయటపడ్డారు. అదే సమయంలో నగరమంతటికీ ప్రాతినిధ్యం వహించే ఎనిమిదో స్థానం ఖాళీ అయింది. అక్కడున్న టెరీసా మొస్కెడా సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ కౌన్సిల్‌కు వెళ్లిపోయారు.

ఆ స్థానానికి 72 మంది దరఖాస్తు చేసుకున్నారు. వాళ్లలోంచి ఎనిమిది మందిని తుదిజాబితాకు తెచ్చారు. పైకి చూస్తే అంతా పద్ధతిగానే ఉంది: ప్రజల ముందు ప్రశ్నోత్తరాలు, సిటీ హాల్‌లో పౌరుల వ్యాఖ్యలు, బహిరంగంగా ఓటింగ్. కానీ ఓటింగ్‌కు ముందే ఒక ఈమెయిల్ బయటికి పొక్కింది. ఒక మాజీ డిప్యూటీ మేయర్, అప్పటికి రాజకీయ సలహాదారు, వ్యాపార దాతలకు రాసినది. మీరు ఎన్నికల్లో డబ్బు పెట్టారు, ఫలితం వచ్చింది, ఇక ఈ సీటు వామపక్షానికి ఓదార్పు బహుమతిగా పోకుండా చూడమని సభ్యులకు చెప్పే హక్కు మీకుంది అన్నది దాని సారాంశం. టాన్యా వూకు మద్దతివ్వమనీ అందులోనే ఉంది. జనవరి 23న ఐదు ఓట్లతో వూ గెలిచారు. సరిగ్గా ఎన్ని కావాలో అన్నే.

అంటే రెండు నెలల కిందట ఒక డిస్ట్రిక్ట్ ఓటర్లు వద్దన్న అభ్యర్థి నగరం మొత్తానికి ప్రతినిధి అయ్యారు. మొరాలెస్ తాను ఓడించిన మనిషి పక్కనే కూర్చుని పనిచేయాల్సి వచ్చింది. నా లెక్కలో తర్వాత జరిగినదంతా ఇక్కడి నుంచి పుట్టిందే.

వూ పక్షం వాదన కూడా ఉంది. చైనాటౌన్ ప్రాంతంలో ఆమె చాలాకాలంగా పనిచేశారు, అప్పటికి కౌన్సిల్‌లో ఆసియా అమెరికన్ ఒక్కరూ లేరు, పైగా నియమించే అధికారం చార్టరే ఇచ్చింది. మూడూ నిజమే.

ఈ నియామకం ఎందుకంత కుట్టిందో తెలియాలంటే అంతకుముందు ఏం జరిగేదో చూడాలి. 2015లో జాన్ ఒకమోటో, 2017లో కిర్‌స్టెన్ హ్యారిస్-టాలీ, 2019లో ఏబెల్ పచేకో, ముగ్గురూ ఆపద్ధర్మంగా వచ్చినవాళ్లే. ఎన్నిక ముగిసేదాకా కుర్చీ కాపలా కాసి వెళ్లిపోయారు. హ్యారిస్-టాలీ అయితే రెండు నెలలు కూడా లేరు. 2006లో నియమితురాలైన శాలీ క్లార్క్ మాత్రం ఆ ఏడాదే పోటీ చేసి గెలిచారు కాబట్టి అది రాతలో ఉన్న నియమం కాదు, మర్యాద మాత్రమే. వూ అదే కుర్చీ నుంచి 2024 నవంబరు ఎన్నికలో దిగారు. అలెక్సిస్ మెర్సిడెస్ రింక్ చేతిలో బాగా వెనకబడి ఓడిపోయారు. ఏడాది తిరిగేలోపు రెండోసారి.

నెల తిరక్కుండానే మొరాలెస్ రాజీనామా ప్రకటించారు. సహచరులు వేధించారని, కౌన్సిల్ స్వతంత్రత దెబ్బతింటోందని ఆమె ఆరోపించారు. 2025 జనవరిలో ఆ సీటు మార్క్ సాలమన్‌కు దక్కింది. 2019లో ఇదే డిస్ట్రిక్ట్‌లో మొరాలెస్ చేతిలో ఓడిపోయింది ఆయనే! సాలమన్ పోటీ చేయనని మాటిచ్చి నిలబెట్టుకున్నారు. నవంబరులో ఎడ్డీ లిన్ గెలిచారు. అదే రోజు సారా నెల్సన్ కూడా ఓడిపోయారు. నియామకాలు ఒక్కటే కారణమని ఎవరూ అనరు గానీ, ప్రచారంలో ఆ మాట వినపడకుండా లేదు.

ఓడినవాళ్లను దొడ్డిదారిన చట్టసభకు పంపడం తెలుగువాళ్లకు వింత కాదు. అసెంబ్లీ ఎన్నికలయ్యాక ఎమ్మెల్సీ జాబితాల్లో ఎవరి పేర్లుంటాయో మనకు తెలుసు. నగరపాలనలో మాత్రం మన నిబంధన గట్టిది. కార్పొరేటర్ సీటు ఖాళీ అయితే ఉపఎన్నికే. నామినేట్ అయిన సభ్యులు సమావేశాల్లో మాట్లాడవచ్చు గానీ ఓటు వేయకూడదని రాజ్యాంగం 243ఆర్ అధికరణం చెబుతోంది. ఉపఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదా పడటం వేరే కథ. సియాటెల్‌లో ఆ బాధ ఉండదు, కుర్చీ వెంటనే నిండుతుంది.

కానీ వెంటనే నిండిన కుర్చీ ఎంతకాలానికన్నది తేదీల మీద ఆధారపడుతుంది. మూర్ రాజీనామా ప్రకటించేసరికి 2025 ఎన్నికలకు నామినేషన్ల గడువు అయిపోయింది. దాంతో ఐదో డిస్ట్రిక్ట్ ఓటర్లు పదహారు నెలలు ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు అడిగేవాళ్లు అడుగుతున్నది పెద్ద మార్పేమీ కాదు: నియమితులు పోటీ చేయకూడదని చార్టర్‌లో రాయండి, లేదా ప్రత్యేక ఎన్నిక త్వరగా పెట్టండి. చార్టర్ సవరణకు ఓటర్ల ఆమోదం తప్పనిసరి. ఆ ప్రశ్న బ్యాలెట్ మీదికి రావాలంటే కౌన్సిలే పంపాలి, లేదంటే పౌరులు సంతకాలు సేకరించుకోవాలి.