నాసాకి ‘సెలెక్ట్’ అయ్యారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ప్లానెటేరియంలో షో అయ్యాక పిల్లలు అడిగే ప్రశ్నలంటే నాకు ఎంత ఇష్టమో, వాళ్ల అమ్మానాన్నలు నన్ను పక్కకి పిలిచి అడిగే ఒక్క ప్రశ్న అంటే అంత టెన్షన్. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగాక ఇది మరీ ఎక్కువైంది. “మావాడు నాసాకి సెలెక్టయ్యాడండీ, లక్షల్లో కట్టమంటున్నారు, కట్టొచ్చా?”

అపోహ: డబ్బు కట్టి నాసా ట్రిప్పుకో స్పేస్ క్యాంపుకో వెళ్తే రేపు వ్యోమగామి అవ్వడానికి, మార్స్ దాకా వెళ్లడానికి దారి పడుతుంది.

వాస్తవం: పడదు. ఫ్లోరిడాలో కెన్నెడీ స్పేస్ సెంటర్ విజిటర్ కాంప్లెక్స్‌కి టికెట్ కొన్నవాళ్లెవరైనా వెళ్లొచ్చు. అమెరికాలోనే హంట్స్‌విల్ ఊళ్లో ఉన్న స్పేస్ క్యాంపుని నడిపేది ఒక మ్యూజియం, నాసా కాదు. రెండూ బాగుంటాయి, స్తోమత ఉంటే పిల్లల్ని తీసుకెళ్లండి, కానీ దాన్ని విహారయాత్ర అనుకునే వెళ్లండి. అసలు నాసా వ్యోమగామి కావాలంటే ముందు అమెరికా పౌరసత్వం ఉండాలి, దరఖాస్తుకి ఫీజే లేదు, 2017 ఎంపికకి 18,300 మందికి పైగా దరఖాస్తు పెట్టుకుంటే తీసుకున్నది 12 మందిని. అందులో ఒకరైన రాజాచారి తండ్రి మన హైదరాబాద్ నుంచి వెళ్లినవారే, కానీ రాజాచారి పుట్టింది అమెరికాలో, నాసాలోకి వచ్చింది అక్కడి వాయుసేనలో టెస్ట్ పైలట్‌గా పనిచేశాక. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే మన గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లే.

ఆమధ్య ఒక మిర్చి రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో రంగుల కాగితం, పైన రాకెట్ బొమ్మ, అడుగున చిన్న అక్షరాల్లో ‘విద్యా పర్యటన’ అని. అప్పు మాట్లాడుకుని మరీ వచ్చారాయన. ఆ అమ్మాయేమో రాకెట్ స్టేజీల గురించి గడగడా చెప్పేస్తోంది! తొమ్మిదో తరగతి పిల్లలకి ఇస్రో పెట్టే ‘యువిక’ అనే అంతరిక్ష శిక్షణ శిబిరం గురించి చెప్పాను, ప్రయాణం, బస ఖర్చు ఇస్రోదే, మన శ్రీహరికోటలోనూ పెట్టారు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఫ్రీ అంటున్నారు, మంచిదేనంటారా?” అన్నారు. ఏం చెప్పను!

మార్స్ పేరు చెప్పి డబ్బు తీసుకోవడం మన దగ్గరే మొదలవలేదు. నెదర్లాండ్స్‌లో మార్స్ వన్ అనే సంస్థ 2012లో మనుషుల్ని మార్స్‌కి పంపుతామని ప్రకటించింది, తిరిగిరాని ప్రయాణం అన్నారు, దరఖాస్తుకి ఫీజు తీసుకున్నారు, 2015లో వందమందిని ‘ఎంపిక’ చేశారు. సొంత రాకెట్ అన్నదే లేదు. 2019లో దాని కంపెనీ దివాలా తీసింది.

ఇక మిగతా అపోహలు గబగబా. మార్స్ మీద తిరిగే నాసా రోవర్ (బండి) పర్సెవరెన్స్ మీద జనం పంపిన కోటీ తొమ్మిది లక్షల పైచిలుకు పేర్లు వెళ్లాయి, అది ఉచితం, పేరు పంపినందుకు నాసా ఇచ్చిన ఆ బోర్డింగ్ పాస్ సరదాకి, రెజ్యూమెలో పెట్టకండి. మార్స్ మీద ప్లాట్లంటారా, 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ అక్కడి నేల తనదని అనకూడదు, మరి మీకు రిజిస్ట్రేషన్ ఏ సబ్‌రిజిస్ట్రార్ చేస్తాడు? త్వరలోనే కాలనీ కడతారంటారా, ప్రయాణానికి అనువైన సమయమే 26 నెలలకోసారి వస్తుంది, ఇప్పటిదాకా అక్కడ భద్రంగా దింపిన అతి బరువైన రోవర్ టన్ను చిల్లర. మనుషుల్ని దింపాలంటే దానికి ఎన్నో రెట్ల బరువు దింపాలి.

పిల్లలకి నిజంగా ఆసక్తి ఉంటే, ఇంటర్ తర్వాత తిరువనంతపురంలో అంతరిక్ష శాస్త్రం చెప్పే ఐఐఎస్‌టీ ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా తీసుకుంటారు. యువిక ప్రకటన ఇస్రో వెబ్‌సైట్‌లోనే వస్తుంది, దరఖాస్తు మీరే పెట్టుకోవచ్చు, మధ్యలో ఏజెంట్లెవరూ లేరు.